వెలిగిందంటే అయిపోయినట్టే

ఢిల్లీలో డీజిల్ బండి ఆయుష్షు పదేళ్ళు. ఆ జాతకం 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాసింది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2025 జులై 1 నుంచి గడువు తీరిన బండికి బంకుల్లో చమురే పోయొద్దన్నారు. వారం పది రోజుల్లో ఆ మాట వాయిదా పడింది. ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రస్తుతానికి యజమానుల జోలికి వెళ్ళొద్దంది, డిసెంబరులో ఆ ఊరట బీఎస్-4, ఆ పైవాటికే అని సవరించింది. ఈ దోబూచులాట భరించలేక నోయిడా, గురుగ్రామ్, ద్వారకల్లో మనవాళ్ళు కొందరు పాత ఎస్‌యూవీకి ఎన్‌ఓసీ తీసుకుని వేరే రాష్ట్రానికి సాగనంపేసి, బీఎస్-6 బండి ఇంటికి తెచ్చుకున్నారు. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు. అంతా అయ్యాక చూస్తే ఇంటి పక్కన క్యారవాన్ మిగిలి ఉంది.

క్యారవాన్ అంటే హీరోలు షాట్‌కీ షాట్‌కీ మధ్య దూరే ఏసీ బస్సు కాదు. దానికి సొంత ఇంజను ఉంటుంది. నేను చెప్పేది కారు వెనక హుక్కుకి తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. దానికి పొగ గొట్టం లేదు కనుక పదేళ్ళ గండమూ లేదు. దాని ముక్కు దగ్గర వేలాడే ప్లగ్గు పాత బండి సాకెట్‌కి సరిపోయేది. కొత్త బండికి అసలు సాకెట్టే లేదు. సంక్రాంతికి ఊరెళ్ళాలి. ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, నాగపూర్, ఆదిలాబాద్ మీదుగా హైదరాబాద్ దాకా పదిహేను వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడే నా సలహాల అవసరం పడుతుంది.

ముందు మనసు కుదుటపరచుకోండి. క్యారవాన్ వెనక దీపాలు నడిపేవాడికి కనబడవు. బ్రేకు తొక్కితే ఎర్ర దీపం వెలిగిందో లేదో సీట్లో కూర్చున్న మీకు తెలిసే దారే లేదు. మీకు కనబడని దీపం మీద మీ డబ్బు ఖర్చు పెట్టడం ఏం న్యాయం? ఈ సూత్రాన్ని గట్టిగా పట్టుకోండి. కింద చెప్పినవన్నీ దాని పిలకలే.

సాకెట్ ఎక్కడ కొనాలి

చాదస్తులు కొందరు కొత్త కారు సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి, ఈ మోడల్‌కి తయారైన ట్రెయిలర్ వైరింగ్ కిట్ ఉందా అని అడుగుతారు. అలా అడిగితే ప్రమాదం. ఈ బండి ఎంత బరువు లాగగలదు, అసలు లాగమని కంపెనీ చెప్పిందా లేదా అన్న సంగతి కూడా వాళ్ళు బయటపెట్టే అవకాశం ఉంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పిన మాట కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. పోయి పోయి తెలియనివి తెలుసుకోవడం దేనికి?

నేరుగా కశ్మీరీ గేట్ వెళ్ళండి. మెట్రో దిగితే బండి విడిభాగాల దుకాణాలు వరసగా ఉంటాయి. "ట్రెయిలర్ సాకెట్" అంటే చాలు, ఏదో ఒకటి చేతిలో పెడతారు. మీ క్యారవాన్ ప్లగ్గుకి ఎన్ని పిన్నులున్నాయో చూసుకుని వెళ్ళనక్కర్లేదు. ఫోన్లో ఫోటో కూడా వద్దు. ఏడు పిన్నులదా, పదమూడు పిన్నులదా అని దుకాణదారు అడిగితే "గుండ్రంగా ఉంటుంది" అని చెప్పండి.

అక్కడ నచ్చకపోతే సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్ ఉండనే ఉంది. లారీల సాకెట్లు దొరుకుతాయి: ఇనుప డొక్కు, స్ప్రింగు మూత, ఏడు పిన్నులు, చూడటానికి అచ్చం మీదే. లారీది కాబట్టి ఇంకా గట్టిది కూడా. లారీ 24 వోల్టుల మీద నడుస్తుంది, కారు 12 మీద. లారీ ప్లగ్గులో ఎర్తు ఒకటో పిన్ను, కారు ట్రెయిలర్ ప్లగ్గులో మూడో పిన్ను. ఈ రెండూ పొరపాటున ఒకదాంట్లో ఒకటి దూరకూడదని ప్రమాణాలు రాసినవాళ్ళు నడిమి పిన్నును ఒకదాంట్లో ఆడది, రెండోదాంట్లో మగది చేసి పెట్టారు. వాళ్ళెంత ఆలోచించినా మన మిస్త్రీ చేతిలో పట్టకారు ఉంటుందని ఊహించలేకపోయారు. నడిమి పిన్ను విరిచేస్తే సరి, చక్కగా దూరుతుంది.

అదే చేత్తో లారీ బల్బులు కూడా కొనేయండి. 24 వోల్టుల బల్బుకి 12 వోల్టులిస్తే అది దాదాపు మూడో వంతు శక్తి మాత్రమే ఖర్చు చేస్తుంది. వెలుతురు అంతకన్నా తక్కువే, చివరి దమ్ము మీదున్న బీడీ ముక్కంత. బల్బు మాత్రం ఎన్నేళ్ళయినా మాడదు. మన్నిక కావాలన్నవారికి ఇంతకన్నా ఏం చెప్పను?

రంగులు

తీగల రంగుల విషయంలో ప్రపంచం ఏకాభిప్రాయానికి రాలేదు, కాబట్టి మీరూ రానక్కర్లేదు.

యూరప్ ఏడు పిన్నుల పద్ధతిలో పసుపు ఎడమ ఇండికేటరు, నీలం వెనక ఫాగ్ లైటు, తెలుపు ఎర్తు, ఆకుపచ్చ కుడి ఇండికేటరు, గోధుమరంగు కుడి టైల్ ల్యాంపు, ఎరుపు బ్రేకు లైటు, నలుపు ఎడమ టైల్ ల్యాంపు. అమెరికా నాలుగు తీగల పద్ధతిలో తెలుపు ఎర్తే గానీ, గోధుమరంగు రెండు పక్కల టైల్ ల్యాంపులకూ పోతుంది. పసుపు ఎడమ ఇండికేటరూ బ్రేకూ కలిపి, ఆకుపచ్చ కుడి ఇండికేటరూ బ్రేకూ కలిపి. జర్మన్ పద్ధతిలో వైరింగు చేసిన కార్లలో గోధుమరంగే ఎర్తు. మన ఇళ్ళలో ఆకుపచ్చ ఎర్తు, నలుపు న్యూట్రల్. ఇన్ని మతాలున్నప్పుడు ఏ ఒక్కదాన్నో నమ్మడం మూఢభక్తి అనిపించుకుంటుంది.

అందుకే బండి ఎలక్ట్రీషియన్‌ని కాక, మీ అపార్ట్‌మెంట్‌లో ఫ్యాన్లు బిగించే కుర్రవాణ్ణి పిలవమంటాను. వాడికి ఆకుపచ్చ అంటే ఎర్తు. ఎవరు కాదన్నా ఎర్తే. క్యారవాన్ నుంచి వచ్చిన ఆకుపచ్చ తీగని తీసుకెళ్ళి కారు బాడీకి బిగిస్తాడు. దాంతో కుడి ఇండికేటరు బల్బుకి రెండు కొసలా ఎర్తే దొరికి అది జన్మలో వెలగదు. ఇటు కారు కుడి ఇండికేటరు తీగ ఒకటి, అటు క్యారవాన్ తెల్ల తీగ ఒకటి మిగులుతాయి. మిగిలిన రెండింటినీ కలిపేయడం సహజం. తెల్ల తీగ క్యారవాన్ బాడీకి, ఆ బాడీ హుక్కు ద్వారా కారుకి తగిలి ఉన్నాయి కనుక కుడి ఇండికేటరు వేసినప్పుడల్లా ఫ్యూజు పోతుంది. దీని గురించి దిగులు పడొద్దు. ఢిల్లీలో ఎన్నో కూడళ్ళలో కుడి మలుపులు మూసేసి యూ-టర్నులు పెట్టి చాలా కాలమైంది.

అమెరికా పద్ధతి క్యారవాన్ గలవారికి ఇంకా మంచి యోగం ఉంది. అందులో ఒక్క ఎర్ర బల్బే ఇండికేటరుగా మిణుకుతుంది, అదే బ్రేకు లైటుగానూ వెలుగుతుంది. మన కార్లలో బ్రేకు తీగ వేరు, ఇండికేటరు తీగ వేరు. ఈ రెంటికీ మధ్య దుబాసీ పని చేసే కన్వర్టర్ పెట్టె ఒకటి అమ్ముతారు, అరచేతిలో పట్టేంత. కొనకండి. బ్రేకు తీగని రెండు ఇండికేటరు తీగలకూ కలిపి మెలిపెట్టేయండి. ఇక ఎడమ ఇండికేటరు వేయండి: ఆ కరెంటు బ్రేకు తీగలోకి ఎక్కి, అక్కణ్ణుంచి కుడి ఇండికేటరులోకి దిగి, కారు బ్రేకు లైట్లతో సహా వెనక ఉన్న సమస్తమూ ఒక్కసారిగా మిణుకుతుంది. మీరు ఎడమకి వెళ్తున్నారో, కుడికి వెళ్తున్నారో, ఆగుతున్నారో వెనకవాడికి ఇక బ్రహ్మ చెప్పాలి. మన ఉద్దేశం ముందే తెలిస్తే ఢిల్లీలో ఆ సందులోకి స్కూటరు దూరుతుంది. కాబట్టి ఇది రక్షణ కిందే లెక్క.

తీగలు కలపడం గురించి ఒక్క మాట. క్రింపింగ్ పట్టకారు, గొట్టపు తొడుగులు, వేడికి బిగుసుకునే స్లీవులు, ఇవన్నీ విమానాలకి. మనకి పళ్ళున్నాయి, నల్ల టేపు ఉంది. తొడుగు కొరికి, రాగి పోగులు మెలిపెట్టి, టేపు నాలుగు చుట్లు. మే నెల ఎండకి ఆ జిగురు కారిపోయి టేపు తోకలా వేలాడుతుంది. జులై వానకి నీళ్ళు లోపలికి వెళ్ళి రాగి పచ్చబడుతుంది. సంక్రాంతి నాటికి ఏ అతుకు వదులైందో వెతకడానికి పండగ సెలవులు ఎలాగూ ఉన్నాయి. ఏ తీగ ఎక్కడికి వెళ్ళిందో కాగితం మీద రాసిపెట్టుకోవడం మాత్రం చేయొద్దు. రాస్తే రేపు ఇంకో మిస్త్రీ వచ్చి పదినిమిషాల్లో తప్పు పట్టేస్తాడు. పాపం, మొదటివాడికి పెళ్ళాం పిల్లలున్నారు.

ఎర్తు దండగ

తీగలన్నిట్లో ఎవరికీ అక్కర్లేనిది ఎర్తు. అది ఏ దీపాన్నీ వెలిగిస్తున్నట్టు కనబడదు. "సాబ్, హుక్కు ఇనుము, బండి ఇనుము, మధ్యలో తీగెందుకు?" అని మిస్త్రీ అడిగితే కాదనకండి. మీ ఎదురుగానే తీసేసి చూపిస్తాడు, అన్ని దీపాలూ వెలుగుతాయి. వెలిగిందంటే అయిపోయినట్టే.

రోడ్డెక్కాక జరిగేది కాస్త వేరుగా ఉంటుంది, కానీ అప్పటికి మిస్త్రీ డబ్బు తీసుకుని ఉంటాడు. టో బాల్‌కి గ్రీజు పూస్తాం. ఆ గ్రీజు, దాని కింద తుప్పు, దాని పక్కన పెయింటు, వీటి సందుల్లోంచి కరెంటు తిరిగి రావాలి. చక్రం గుంతలో పడ్డప్పుడల్లా కప్లింగు వెంట్రుకవాసి కదిలి దారి తెగుతుంది. దారి తెగితే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. ఎడమ ఇండికేటరు బల్బులోంచి వెళ్ళిన కరెంటు టైల్ ల్యాంపు బల్బులోంచి వెనక్కి నడిచి, కారు దగ్గర ఎక్కడో ఉన్న ఎర్తు దాకా వస్తుంది. అందుకే ఇండికేటరు వేస్తే టైల్ ల్యాంపులు గుడ్డిగా మిణుకుతాయి. రాత్రిపూట టైల్ ల్యాంపులు వెలుగుతుండగా బ్రేకు తొక్కితే ఇంకో విశేషం: రెండు పక్కల నుంచీ పన్నెండేసి వోల్టులు తోసుకొస్తాయి, తిరిగి పోయే దారి లేదు, వెనక ఎర్ర దీపాలు దాదాపు ఆరిపోతాయి. అంటే మీరు ఆగబోతున్న క్షణంలోనే క్యారవాన్ చీకట్లో మాయమవుతుంది.

పదమూడు పిన్నుల ప్లగ్గు వచ్చిన క్యారవాన్లయితే ఒకటి కాదు, మూడు ఎర్తులు. దీపాలకి మూడో పిన్ను, ఎప్పుడూ కరెంటు ఉండే తొమ్మిదో పిన్నుకి పదమూడు, ఇగ్నిషన్ వేసినప్పుడే కరెంటిచ్చే పదో పిన్నుకి పదకొండు. క్యారవాన్‌లో ఫ్రిజ్జు లాగే కరెంటు భారమంతా దీపాల ఎర్తు మీద పడకూడదని అలా విడదీశారు. మీరు మూడింటినీ ఒక సన్నటి తీగకి కట్టేయండి. ఆ తీగ వెచ్చబడితే చలికాలంలో మంచిదే.

కొత్త బండికి మెదడుంటుంది

ఇదొక్కటే అసలైన అడ్డంకి, కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడదాం.

పాత బండి అమాయకురాలు. ఇండికేటరంటే ఒక రిలే, టిక్కు టిక్కుమని కొట్టుకునేది. ముందు 21 వాట్ల బల్బు, వెనక 21 వాట్ల బల్బు, క్యారవాన్‌ది మూడోది. మొత్తం 63 వాట్లు, అయిదు ఆంపియర్ల పైన. రిలే కాస్త గొణిగినా మోసేది. టైల్ ల్యాంపు తీగ ఎక్కడ తెంపి ఎక్కడ కలిపినా నోరెత్తేది కాదు. కొత్త బండిలో వెనక ఉన్నవి ఎల్‌ఈడీలు, కొద్ది వాట్లవి. ఆ కొద్ది వాట్లకు సరిపడా సన్నటి తీగ. తీగ చివర బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటరు. ఏ దీపం ఎంత కరెంటు తాగుతోందో అది అనుక్షణం చూస్తూ ఉంటుంది. లెక్క మించితే ఆ దారి మూసేస్తుంది, తగ్గితే బల్బు పోయిందని డ్యాష్‌బోర్డు మీద దీపం పెడుతుంది. కరోల్ బాగ్ నాయీవాలా గల్లీలో సీటు కవర్లు వేసే కుర్రవాడు మీ టైల్ ల్యాంపు తీగకి క్యారవాన్‌ని అతికించగానే, ఆ కంప్యూటరు ఇంటికి కొత్తగా వచ్చిన బంధువుని చూసినంత అనుమానంగా చూస్తుంది.

పుస్తకం పట్టుకు తిరిగేవాళ్ళు దీనికో పద్ధతి చెబుతారు. మీరు దాని బారిన పడకుండా ఉండాలని వివరంగా చెబుతున్నాను. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి, ఒక లావుపాటి తీగని బండి అడుగు నుంచి వెనక్కి లాగి, బైపాస్ రిలే మాడ్యూల్ అనే పెట్టెకి ఇస్తారట. కారు టైల్ ల్యాంపు తీగ ఆ పెట్టెకి సైగ మాత్రమే చేస్తుంది. క్యారవాన్ దీపాల బరువంతా పెట్టె మోస్తుంది, దానికి కావలసిన కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. కారు కంప్యూటరుకి ఎక్కువ తేడా కనబడదు. కంపెనీ కిట్ అయితే ఇంకో అడుగు ముందుకు వేసి, వెనక ట్రెయిలర్ ఉందని కంప్యూటరుకి కోడింగ్ చేసి చెబుతారు. అప్పుడు రివర్స్ చేసేటప్పుడు వెనక సెన్సర్లు మీ క్యారవాన్‌నే అడ్డంగా భావించి గోల చేయవు. చూశారా, ఎంత తతంగమో! ఇదంతా ఎవరో వెనకవాడికి ఎర్ర దీపం కనబడటానికి.

మన పద్ధతి సులువు. డ్యాష్‌బోర్డు మీద బల్బు గుర్తు వెలిగితే దాని మీద దేవుడి స్టిక్కరు అంటించండి. సెన్సర్లు కూస్తే పాట పెంచండి. ఏ తీగలో కరెంటుందో తెలుసుకోవడానికి మల్టీమీటరు వాడకండి, అది కరెంటు దాదాపు ఏమీ తాగకుండా చూసి చెబుతుంది, అందులో మజా లేదు. పాతకాలపు బల్బు టెస్ట్ ల్యాంపు మొనతో కనబడిన ప్రతి తీగనీ గుచ్చండి. కొన్ని తీగలు దీపాలవి కావు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. వాటిల్లో గుచ్చితే ఏబీఎస్ దీపం, ఎయిర్‌బ్యాగ్ దీపం, ఇంజను దీపం అన్నీ కలిసి డ్యాష్‌బోర్డు మీద దీపావళి జరుపుకోవచ్చు. ఆ తర్వాత వారంటీ అడగడానికి వెళ్ళినప్పుడు తెంపి అతికిన చోటు ఎలుక కొరికిందని చెప్పండి. టేపు కూడా ఎలుకే చుట్టిందా అని అడిగితే సమాధానం మీరే చూసుకోవాలి.

ఫ్యూజు, ఫ్రిజ్జు

ఫ్యూజు గురించి ఎక్కువ చెప్పను. పది ఆంపియర్లది పోతే పదిహేనుది, అది పోతే ముప్పైది, అదీ పోతే సిగరెట్ పెట్టెలో వెండి కాగితం. ఫ్యూజు ఉండేది తీగని కాపాడటానికని కొందరంటారు. ఒక చదరపు మిల్లీమీటరు తీగకి ముప్పై ఆంపియర్ల ఫ్యూజు పెడితే తీగే ఫ్యూజవుతుంది, తేడా ఏమీ లేదు. అది కాలేది క్యారవాన్‌లో పరుపు కిందా, కారులో కార్పెట్ కిందా అన్నదొక్కటే మీ చేతుల్లో లేని విషయం.

ఫ్రిజ్జుకి మాత్రం మన ఇళ్ళలో గౌరవం ఉంది కాబట్టి దానికి కొన్ని లెక్కలు. క్యారవాన్ ఫ్రిజ్జు ప్రయాణంలో 12 వోల్టుల మీద నడిచేటప్పుడు 120 వాట్లదనుకుంటే పది ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి ఫ్రిజ్జు దాకా ఆరు మీటర్లు, తిరిగి రావడానికి ఇంకో ఆరు. ఒక చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే బయలుదేరిన 12 వోల్టుల్లో ఫ్రిజ్జుకి అందేది పదింపావు. శక్తి లెక్కలో ఫ్రిజ్జుకి అందేది పావు భాగం పైనే తగ్గిపోతుంది. ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 11.6 దాకా అందుతుంది. కానీ దాని ధర వింటే మీరే వేడెక్కుతారు. సన్న తీగే వేయండి. తిరుగు ప్రయాణంలో అమ్మ కట్టిచ్చిన రొయ్యల ఇగురు నాగపూర్ దాటేసరికి తన సంగతి తనే చెబుతుంది.

పైగా తొమ్మిదో పిన్నూ పదో పిన్నూ కలిపేశారనుకోండి, ఇంజను ఆపినా ఫ్రిజ్జు ఆగదు. ఝాన్సీ దగ్గర ధాబాలో ఆరు గంటలు నిద్రపోతే అరవై ఆంపియర్-గంటలు ఖర్చు, కారు బ్యాటరీ ఖాళీ. తెల్లవారి లారీవాళ్ళు తోస్తారు. ఆటోమేటిక్ గేర్ల బండి తోస్తే స్టార్టవ్వదన్న సంగతి వాళ్ళే ముందు కనిపెడతారు.

క్యారవాన్ సొంత బ్యాటరీ కూడా కారు నుంచే నిండుతుందని నమ్మండి. బీఎస్-6 బండ్లలో చాలావాటి ఆల్టర్నేటరు తెలివిమీరింది. కారు బ్యాటరీ నిండిందనుకోగానే వోల్టేజీ దించేస్తుంది, క్యారవాన్ బ్యాటరీకి ఎక్కేదేమీ ఉండదు. దీనికి డీసీ-డీసీ చార్జర్ అనే మందుంది. దాని బదులు కొవ్వొత్తులు చవక.

తెగితే లాగే తాడు

బ్రేకులున్న క్యారవాన్‌కి ఒక సన్నటి ఉక్కు తాడుంటుంది. క్యారవాన్ హుక్కు నుంచి ఊడిపోతే ఆ తాడు బిగుసుకుని క్యారవాన్ బ్రేకులు పట్టేయాలి. చూడటానికి అందంగా ఉండదు. దాన్ని కరెంటు తీగతో కలిపి జడలా అల్లి, టో బాల్ మెడకే చుట్టేయండి. బాల్‌తో సహా ఊడొస్తే తాడు కూడా దాంతోనే పోతుంది. కరెంటు తీగ విషయంలో మధ్యేమార్గం పనికిరాదు. స్పీడ్ బ్రేకరు మీద రాసుకుపోయేంత పొడవైనా ఉండాలి, యూ-టర్నులో ప్లగ్గు ఊడి చేతికొచ్చేంత పొట్టిగానైనా ఉండాలి.

పరీక్ష

పని పూర్తయ్యాక పరీక్షించడం మన సంప్రదాయంలో ఉంది. పద్ధతి ప్రకారం చేయండి. మిట్టమధ్యాహ్నం, బండి నిలబెట్టి, ఇంజను ఆపి. మీ బావమరిది వెనక నిలబడి ఫోన్ చూస్తూ ఉండాలి. మీరు ఎడమ ఇండికేటరు వేసి "వెలిగిందా?" అంటే ఆయన "ఆఁ బావా" అంటారు. తర్వాత కుడి. తర్వాత బ్రేకు. ఒక్కోటి విడివిడిగా, ఒక్కసారే. టైల్ ల్యాంపులు వేసి ఉంచి, బ్రేకు తొక్కి పట్టి, ఇండికేటరు కూడా వేసి మూడూ కలిపి చూడటం నిషిద్ధం. ఎర్తు సరిగ్గా లేకపోతే, బ్రేకు తీగ ఇండికేటరుతో కలిసిపోతే, కంప్యూటరు అలిగితే, అవన్నీ బయటపడేది అప్పుడే. ఇంజను నడుస్తుండగా, హుక్కుని అటూ ఇటూ ఊపుతూ చూడటం ఇంకా చెడ్డ అలవాటు. వంద కిలోమీటర్లు పోయాక బండి ఆపి, అతుకుల మీద చెయ్యి పెట్టి ఏది కాలుతోందో చూసే మనుషులు కూడా ఉన్నారని విన్నాను. వాళ్ళకి ఊళ్ళో ఎవరూ లేరేమో.

ఆ తర్వాత బయలుదేరడమే. సంక్రాంతి ఢిల్లీ పొగమంచు నడిమధ్యలో వస్తుంది. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా వరకు 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద చలికాలంలో వేగ పరిమితి తగ్గిస్తారు, తెల్లవారుజామున యాభై మీటర్ల అవతల ఏముందో తెలియని రోజులుంటాయి. వెనక వచ్చే బస్సు డ్రైవరుకి మీ క్యారవాన్ ఉనికి చెప్పగలిగేవి రెండు ఎర్ర దీపాలే. ఎక్స్‌ప్రెస్‌వే దిగాక మామూలు రోడ్ల మీద చెరుకు ట్రాలీలు వస్తాయి. లైటు లేదు, రిఫ్లెక్టరు లేదు, ట్రాలీ వెడల్పుకి రెట్టింపు చెరుకు. వాటికి వైరింగు సమస్యే లేదు, వైరింగే లేదు కనుక. నా సలహాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే కొన్నాళ్ళకి మీరూ ఆ స్థాయికి చేరతారు.

ఒక్క మనవి. ఈ పద్ధతిలో వైరింగు చేయించుకున్నవారు ఏ తేదీన, ఏ వేళకి బయలుదేరుతున్నారో నాకు ముందుగా కబురు చేయండి. ఆ రోజుకి నేను తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ తీసుకుంటాను.